హిమానీనదములును సముద్రసస్యమును



ఎవరి స్మృత్యర్థము ఏటేట ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆ ఆచార్యులవారు జీవితమంతయు భూగర్భశాస్త్రము బోధించినవారే గాని సముద్రమును గూర్చి వ్రాసినవారు కారు. అట్టివారి పేరిట జరుగు సభలో సముద్రపు పోషకద్రవ్యములను గూర్చి ప్రసంగింపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని వారియొద్ద చదివినవారందరు ఎరిగిన సంగతి యొకటి కలదు. ఏ ఖనిజమును గూర్చి యెవరెంత గొప్పగా మాటాడినను, అది యెంత యున్నదని కాక, ఏ రూపమున నున్నది, ఎంత లోతున నున్నది, దానిని వాడుకొనగలవా రెవ్వరు అని వారు ముందుగా అడిగెడివారు. నేను నేడు చెప్పబోవునదంతయు ఆ ప్రశ్నల చుట్టునే తిరుగును గనుక, వారి పేరిట చెప్పదగిన విషయమే యని ధైర్యము చేసితిని.

భూమిపై నేలలో సుమారు పదవవంతు నేటికిని మంచుక్రింద నున్నది. అందులో అత్యధికభాగము అంటార్కిటికాలో 1.4 కోట్ల చదరపు కిలోమీటర్ల మేరను, గ్రీన్‌లాండులో 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేరను హిమఫలకములై పరచుకొని, కొన్నిచోట్ల మూడు కిలోమీటర్లకు మించిన మందముతో నిలిచియున్నది. ఈ మంచు కరిగినచో సముద్రమట్టము పెరుగునన్న మాట నేడు పాఠశాలలోని పిల్లలకును తెలియును. ఆ మంచునకు సముద్రజీవుల ఆహారముతో గట్టి సంబంధము కలదన్న సంగతి మాత్రము శాస్త్రజ్ఞులకే ఈ మూడు నాలుగు దశాబ్దములలో గాని స్పష్టపడలేదు. అంతకుముందు వారు హిమఫలకమును రసాయనికముగా నిశ్చేష్టమైన, జీవరహితమైన గడ్డగా ఎంచి విడిచిపెట్టిరి.

సముద్రపు పైపొరలలో, వెలుతురు చొరగలిగినంత లోతువరకు, కంటికానని వృక్షప్లవకములు పెరుగుచుండును. క్రిల్లు మొదలు తిమింగిలము వరకు సముద్రజీవులలో దాదాపు అన్నింటికిని మూలాహారము అవియే. గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని, చచ్చినపిదప దానిలో కొంతభాగమును అగాధమునకు గొనిపోవునవియు అవియే. వీనికి నైట్రేటును ఫాస్ఫేటును కావలెను. సిలికాతో పెంకు కట్టుకొను డయాటములకు ఆ సిలికాయు కావలెను. ఇవి సమృద్ధిగా నున్నచోట సముద్రము పచ్చబారవలసినదే కదా! అట్లయ్యును, అంటార్కిటికాను చుట్టియున్న దక్షిణమహాసముద్రమునందును, అలాస్కాకు దక్షిణముననున్న పసిఫిక్ జలములయందును, భూమధ్యరేఖ వెంబడి పసిఫిక్‌లోను నైట్రేటు ఏడాది పొడుగునను వాడకము లేక మిగిలిపోవుచుండగా, ప్లవకములు మాత్రము పలుచగానే యుండును.

పంట యెంతయన్నది సమృద్ధిగానున్న ఎరువును బట్టి కాక అన్నింటికంటె కొరతగానున్న దానిని బట్టి తేలునని పందొమ్మిదవ శతాబ్దిలో జర్మను రసాయనజ్ఞుడు లీబిగ్ ప్రచారము చేసిన సూత్రము ఇక్కడ పనికివచ్చినది. సముద్రమున ఆ కొరత ఇనుమునకు కావచ్చునని 1930ల నుండియు కొందరు ఊహించుచునే యుండిరి. కాని ఋజువు చేయుట యెట్లు? నీరు తోడు ఓడ ఇనుము, పాత్రను దింపు తీగ ఇనుము, గాలిలో తేలు తుప్పు ఇనుము. తెచ్చిన నీటిలో కనిపించిన ఇనుము సముద్రమునదో ఓడదో చెప్పువారు లేకపోయిరి. కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ సముద్రపరిశోధనాలయమున జాన్ మార్టిన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ప్లాస్టిక్కు పాత్రలతోను, ధూళి చొరనీయని గదులతోను ఈ చిక్కును విడదీసి, ఈశాన్య పసిఫిక్‌లో ప్లవకముల యెదుగుదలకు ఇనుపకొరతయే అడ్డమని 1988లో ప్రకటించిరి. ఇట్టి సముద్రములలో ఒక లీటరు పైనీటిలోనుండు ఇనుము, గ్రామును నూరుకోట్ల పాళ్లు చేసినచో అందులో పదిపాళ్లకు అటునిటుగా నుండును. అరఓడ ఇనుమిచ్చినచో మంచుయుగమునే తెచ్చి చూపెదనని ఆ యేడే వుడ్స్ హోల్‌లో మార్టిన్ వేడుకకు అన్నమాట ఆయన శాస్త్రమునకంటె ఎక్కువ ప్రసిద్ధి చెందినది. శాస్త్రజ్ఞులు వేడుకగా మాటాడుటలో ఈ యపాయము కలదు. 1993 జూనులో ఆయన మరణించెను. గలాపగోస్ ద్వీపములయొద్ద సముద్రమున ఇనుము చల్లి చూచిన మొదటి ప్రయోగము ఆ సంవత్సరమే అక్టోబరులో జరిగినది.

భూమి పైపెంకు బరువులో నూటికి ఐదుపాళ్లు ఇనుమే కదా, అట్టి భూమిపై సముద్రమునకు ఇనుము కరవేమి యన్న శంక మీకు కలుగవచ్చును. ప్రాణవాయువు కలిసిన ఉప్పునీటిలో ఇనుము కరిగి నిలువజాలదు. తుప్పుగా మారి, రేణువులై అడుగునకు దిగిపోవును. కావున పైపొరకు ఇనుము నిత్యము క్రొత్తగా వచ్చుచుండవలెను. ఎడారుల ధూళి కొంత తెచ్చును, లోతునీరు పైకి లేచునప్పుడు కొంత తెచ్చును, తీరపు బురద కొంత ఇచ్చును. ఇంక మంచు తెచ్చునది.

హిమానీనదము కదలెడి తిరుగలి. పైనున్న మంచు బరువునకు అడుగుననున్న రాళ్లు ఒకదానితో నొకటి రాపిడిపడి, పిండికంటె మెత్తని చూర్ణమగును. శిల పగులు కొలది గాలియు నీరును సోకని క్రొత్తముఖములు బయటపడును. ఆ క్రొత్తముఖములే రసాయనికచర్యలకు అనువైనవి. అయితే రాపిడి యొకటియే చాలదు. గ్రీన్‌లాండున వేసవిలో మంచుపైన నీలిరంగు సరస్సులేర్పడును. 2006 జూలైలో పడమటి గ్రీన్‌లాండున ఐదు చదరపు కిలోమీటర్లకు మించిన యొక సరస్సు, దాదాపు ఒక కిలోమీటరు మందముగల మంచు నిలువున చీలగా, రెండుగంటలలోపల మొత్తము అడుగునకు దిగిపోయినది; ఆ కొద్దిసేపు నయాగరా ప్రవాహమునకంటె వేగముగా నీరు పోయెనని లెక్కకట్టిరి. ఇట్లు దిగిన నీరు చీకటిలో, చలికాలమంతయు నిలువయున్న బురదను కడుగుచు పోవును. అక్కడ సూక్ష్మజీవులు కలవు. వెలుతురు లేదు గనుక అవి శిలలోని పైరైటు వంటి ఖనిజములను ఆధారముగా చేసికొని బ్రతుకుచు, ఇనుమును రాతిరూపమునుండి విడిపించుచుండును.

ఈ చర్య కంటికి కనబడు చోటొకటి అంటార్కిటికాలో కలదు. మెక్‌మర్డో పొడిలోయలలో టేలర్ హిమానీనదపు కొసన, తెల్లని మంచుగోడపై నెత్తురు కారినట్లు ఎర్రనిచార కనిపించును. దీనిని 1911లో గ్రిఫిత్ టేలర్ మొదట చూచి, ఎర్రని నాచు కాబోలునని తలంచెను. అది నాచు కాదు. మంచుక్రింద లక్షలాది యేండ్లుగా మూతపడియున్న ఉప్పునీరు, తీవ్రమైన ఉప్పుదనముచే గడ్డకట్టక, పగులు వెంబడి బయటికి వచ్చునప్పుడు రంగులేనిదిగానే వచ్చును. గాలి తగిలినంతనే అందులోని ఇనుము తుప్పై ఎర్రబారును. ప్రాణవాయువు లేని ఆ నీటిలో గంధకము, ఇనుము ఆధారముగా జీవించు సూక్ష్మజీవులున్నవని 2009లో తేలినది. ఈ నీరు సముద్రమునకు పోక బోనీ సరస్సులో కలియును గనుక మన లెక్కలో దానికి విలువ స్వల్పము. కాని మంచుక్రింద నేమి జరుగుచున్నదో చెప్పుటకు దానిని మించిన సాక్ష్యము లేదు.

పశ్చిమ గ్రీన్‌లాండులో కాంగెర్లుస్సువాక్ సమీపమున లెవరెట్ హిమానీనదమని యొకటి కలదు. దాని కొసనున్న గుహవంటి ద్వారమునుండి వేసవిలో వెలువడు నది పాలలో బూడిద కలిపిన రంగుతో, లీటరుకు గ్రామునకు తగ్గక రాతిచూర్ణమును మోసికొని, ఉరవడిగా ప్రవహించును. బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆ యొడ్డున గుడారములు వేసికొని వేసవులు గడిపి ఆ నీటిని పరీక్షించిరి. వారి లెక్కనుబట్టి గ్రీన్‌లాండు నుండి యేటేట నాలుగులక్షలు మొదలు ఇరువదియైదులక్షల టన్నుల వరకును, అంటార్కిటికా నుండి అరువదివేలు మొదలు లక్షాడెబ్బదివేల టన్నుల వరకును, జీవులు వాడుకొనదగిన రూపములోని ఇనుము సముద్రమునకు చేరవచ్చునని 2014లో ప్రకటించిరి. భాస్వరమును గూర్చియు, సిలికాను గూర్చియు ఇట్టి లెక్కలు పిమ్మట వచ్చినవి. సిలికా విషయము ముఖ్యమైనది. ఏలయన ఆ రాతిచూర్ణపు రేణువుల పైముఖములపై స్ఫటికరూపము దాల్చని సిలికా పొరయుండి, ఉప్పునీటిలో అది సులభముగా కరగును. కరిగిన సిలికాను మాత్రమే కొలిచినంతకాలము మంచు సముద్రమునకు ఇచ్చునది స్వల్పమని తోచినది. రేణువులను గూడ లెక్కకు తెచ్చినపిదప ఆ యభిప్రాయము తలక్రిందులైనది.

ఈ లెక్కలు వెలువడిన కొలది, మంచు కరుగుట సముద్రమునకు మేలేనన్నట్లు కొన్ని పత్రికలు వ్రాసినవి. ఇది తొందరపాటు. హిమానీనదము విడిచిన ఇనుమంతయు బయటి సముద్రమునకు చేరదు. మంచినీరు ఉప్పునీటితో కలియు చోటనే అందులో కరిగియున్న ఇనుములో అత్యధికభాగము, పలుచోట్ల నూటికి తొంబదిపాళ్లవరకు, పెళ్లకట్టి రేణువులై అడుగునకు దిగును. అదియు గాక, గ్రీన్‌లాండు ఫియోర్డులలో, అనగా కొండలనడుమ లోనికి చొచ్చుకొనివచ్చిన లోతైన సముద్రపు పాయలలో, వేసవిలో కొరతపడునది ఇనుము కాదు, నైట్రేటు. హిమజలములో నైట్రేటు మిక్కిలి తక్కువ. రాతిని ఎంత నలిపినను నత్రజని రాలదు. మరి కడుపునిండిన పదార్థమునే మంచు మరల వడ్డించుచుండగా, గ్రీన్‌లాండు తీరమున మంచినీరు కలియు చోట్లనే చేపలు పుష్కలముగా నుండుట యెట్లు?

దీనికి సమాధానము నీరు ఏ లోతున ప్రవేశించుచున్నదన్న దానిలో కలదు. గ్రీన్‌లాండు రాజధాని నూక్ యొద్దనున్న గాట్‌హాబ్ ఫియోర్డ్ శిరస్సున హిమానీనదములు కొన్ని నేరుగా సముద్రములోనికి దిగి నిలిచియుండును. వాని మొగములు వందలమీటర్ల లోతువరకు నీట మునిగియుండును. వేసవిలో మంచుపైని నీరంతయు అడుగునకు దిగి, ఆ లోతునుండి బయటపడును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. కావున వెలువడినంతనే ఆ మంచినీరు మంచుగోడను రాచుకొనుచు పైకి ఎగసి, దారిలో తన పరిమాణమునకు పదిరెట్లు, ఒక్కొక్కచో అంతకు మించియు, చుట్టునున్న లోతునీటిని వెంటలాగుకొనివచ్చును. ఆ లోతునీటిలో నైట్రేటు నిండుగా నుండును. హిమజలము తాను తెచ్చినది స్వల్పమే గాని, తాను ఎత్తినది మాత్రము అపారము. ఈశాన్య గ్రీన్‌లాండులోని యంగ్ సౌండ్ పరిస్థితి దీనికి విరుద్ధము. అక్కడి హిమానీనదములు నేలపైననే ముగిసి, వాని నీరు నదులై వచ్చి సముద్రపు పైభాగమున కలియుచున్నది. పైన పడిన మంచినీరు పైననే పొరగా పరచుకొని, క్రిందినీటిని పైకి రానీయదు. బురదతో వెలుతురును గూడ తగ్గించును. ఒకే ద్వీపము, ఒకే హిమఫలకము. ఒకచోట వేసవియంతయు ప్లవకములు పొంగుచుండగా, మరియొకచోట సముద్రము దాదాపు బీడుగా నున్నది. ఈ రెండింటిని పోల్చిన పరిశీలన 2017లో వెలువడినది. గ్రీన్‌లాండు ప్రజలకు జీవనాధారమైన హాలిబట్ చేపలవేట కూడ సముద్రమునకు దిగిన పెద్ద హిమానీనదముల యొద్దనే కేంద్రీకృతమై యుండుట అందులోనే గుర్తింపబడినది.

ఇట్టి దృశ్యమును స్వాల్‌బార్డ్ ద్వీపములలోని కాంగ్స్ ఫియోర్డున దగ్గరగా చూడవచ్చును. నీలినీటి నడుమ మంచుగోడ నానుకొని గోధుమరంగు వలయమొకటి ఏర్పడును. అడుగునుండి బురదతో లేచిన నీరు పైకి పొడుచుకొనివచ్చిన చోటు అది. దానిపై కిట్టివేక్ పక్షులు వందలు వందలుగా మూగి నీటిని పొడుచుచుండును. ఏలయన లోతులోని జంతుప్లవకములు ఆ నీటితో పైకి కొట్టుకొనివచ్చి, మంచినీరు తగిలి సొమ్మసిల్లి, పక్షులకు చిక్కుచుండును. సీలులును అక్కడికే చేరును. ఆ ఫియోర్డు తీరముననే 79 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, నీ-ఆలెసుండులో, భారతదేశపు హిమాద్రి పరిశోధనాకేంద్రము 2008 నుండి పనిచేయుచున్నది. 2014లో ఆ నీటిలో సుమారు 190 మీటర్ల లోతున దింపిన ఇండార్క్ అను పరికరసముదాయమును రూపొందించిన సంస్థలలో మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కూడ ఒకటి.

అయితే హిమానీనదము వెనుకకు జరిగినచో నేమగును? ఎగసెడి నీటి ప్రభావము అంతటను ఒక్కరీతిగా నుండదు. మంచు మొగము మరీ లోతున నున్నచో, ఎగసిన నీరు బరువైన లోతునీటితో కలిసి కలిసి తేలికదనము కోల్పోయి, వెలుతురు చేరకముందే నడుమ నిలిచిపోవును. మరీ పలుచని నీట నున్నచో నైట్రేటు లేని నీటినే ఎత్తును. నడుమనున్న లోతులే ఫలవంతములు. కావున మంచు కరిగినకొలది ఫలము పెరుగునన్నది నిజము కాదు. కొంతవరకు పెరిగి పిదప తగ్గును. హిమానీనదము నీటిని విడిచి నేలనెక్కిన నాడు ఎత్తిపోత పూర్తిగా నిలిచి, గాట్‌హాబ్ వంటి ఫియోర్డు యంగ్ సౌండ్ వంటిది కాగలదు. ఇలులిస్సాట్ యొద్దనున్న సెర్మెక్ కుజాల్లెక్, హాలిబట్ వేటకు పేరొందిన ఆ డిస్కో అఖాతపు మహాహిమానీనదము, 1850 తర్వాత సుమారు నలుబది కిలోమీటర్లు వెనుకకు జరిగినది. అది నేటికిని లోతైన నీటనే యున్నది. చిన్నవానికి అంత వ్యవధి లేదు.

దక్షిణమున కథ వేరు. అక్కడ నైట్రేటు మిగులు, ఇనుము కొరత. కావున రాతిచూర్ణపు ఇనుము నిజముగా అక్కరకు వచ్చును. అంటార్కిటికా అంచున నదులు లేవు. ఆ ఇనుము హిమశైలముల మూలమున ప్రయాణము చేయవలెను. మంచు అడుగున చిక్కుకొన్న బురదతో హిమశైలము విడివడి, వేలమైళ్లు తేలిపోవుచు, కరిగిన కొలది ఇనుమును దారిపొడుగునను చల్లుచు పోవును. తీరమున పెళ్లకట్టి దిగిపోవు దుర్గతి దానికి లేదు. వెడెల్ సముద్రమున తేలు హిమశైలముల చుట్టు కొన్ని కిలోమీటర్ల మేర జీవసమృద్ధి కలదని 2007లో వెల్లడియైనది. పదునెనిమిది కిలోమీటర్లకు మించిన పొడవుగల మహాహిమశైలముల వెనుక, వాని పొడవునకు నాలుగు మొదలు పదిరెట్ల దూరము వరకు, అవి దాటిపోయిన నెలనాటికిని సముద్రము పచ్చగా నుండుట ఉపగ్రహచిత్రములలో కనుగొని 2016లో ప్రకటించినవారు, దక్షిణమహాసముద్రము అగాధమునకు పంపు బొగ్గుపులుసులో అయిదవవంతు వరకు ఈ మహాహిమశైలముల చలువయే కావచ్చునని అంచనా వేసిరి. 1986లో విడివడిన ఎ-23ఎ అను హిమశైలము వెడెల్ సముద్రపు అడుగుకు తట్టుకొని మూడు దశాబ్దములకు మించి కదలక నిలిచి, పిమ్మట బయలుదేరి, 2025 మార్చిలో సౌత్ జార్జియా ద్వీపము దాపునకు చేరినది.

అయినను దక్షిణమునందును ఎత్తిపోత లేకపోలేదు. పైన్ ఐలాండ్, థ్వైట్స్ హిమానీనదములు దిగు అముండ్‌సెన్ సముద్రమున, వెచ్చని లోతునీరు తేలెడి మంచుపలకల క్రిందికి చొరబడి వానిని అడుగునుండి కరగించును. కరిగిన నీరు తేలికయై పైకి లేచుచు, అడుగుబురదలోని ఇనుమును వెంటగొనివచ్చును. అక్కడ మంచుచే ఆవరింపబడక తెరచియుండు జలభాగమున ప్లవకముల పంట అంటార్కిటికా మొత్తమున సాటిలేనిది. ఆ పంటకు ఇనుము మంచు తనలో దాచి తెచ్చినది కంటె, కరుగుచు పైకెత్తినదే యెక్కువయని గణితనమూనాలు తెలుపుచున్నవి. రెండు ధ్రువములయొద్దను ఒకే సూత్రము ఇట్లు అన్వయించుట నాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము.

మంచుయుగములను గూర్చి సంక్షేపముగా చెప్పి విడిచెదను. మంచుయుగపు పరాకాష్ఠలో గాలిలోని బొగ్గుపులుసు గాలి పదిలక్షలకు 180 పాళ్లు మాత్రమే యుండెను. పారిశ్రామికయుగమునకు పూర్వము అది 280 పాళ్లు. అంటార్కిటికాలోని వోస్తోక్ యొద్ద తీసిన మంచుకడ్డీలో ధూళి పెరిగిన చోటులలో ఈ గాలి తగ్గియుండుట చూచియే మార్టిన్ తన వాదమును మంచుయుగములకు విస్తరించెను. పటగోనియాలోని హిమానీనదములు నలిపిన చూర్ణము గాలికి లేచి, దక్షిణ అట్లాంటిక్ మీద రాలి, ప్లవకములను పెంచి, బొగ్గుపులుసు గాలిని తగ్గించి, చలిని మరింత పెంచెనన్నది ఆ వాదసారము. మంచు నలిపిన ధూళిలోని ఇనుము, ఎండకు శిథిలమైన ధూళిలోని ఇనుముకంటె డయాటములకు సులభముగా ఒంటబట్టునని ఇటీవలి పరీక్షలు చూపినవి. కాని ఆ తగ్గుదల నంతటిని ఇనుముమీదనే మోపరాదు. సముద్రపు ప్రసరణములో వచ్చిన మార్పునకు పెద్దభాగము చెందును.

ఇనుమే సర్వస్వమని నమ్మినవారికి మనదేశము పాల్గొన్న ప్రయోగమొకటి సమాధానము చెప్పినది. 2009 ఆరంభమున గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞానసంస్థయు, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థయు కలిసి, పోలార్‌స్టెర్న్ అను నౌకపై వెళ్లి, లోహాఫెక్స్ అను పేరిట, దక్షిణ అట్లాంటిక్‌లో మూడువందల చదరపు కిలోమీటర్ల మేర టన్నులకొలది ఇనుపలవణమును చల్లిచూచిరి. ప్లవకములు పెరిగినవి, కాని అక్కడి నీటిలో సిలికా అప్పటికే హరించి యుండుటచే డయాటములు ఎదుగలేదు, ఎదిగిన మెత్తని జాతులను కోపిపాడ్‌లు అను జంతుప్లవకములు మేసివేసినవి, అగాధమునకు దిగిన బొగ్గుపులుసు స్వల్పము. లీబిగ్ సూత్రమే మరల నిలిచినది: ఒక కొరత తీర్చినచో రెండవ కొరత తలయెత్తును. రాతిచూర్ణమైనచో ఇనుముతోపాటు సిలికాను గూడ మోసికొనివచ్చును; ఓడ చల్లిన లవణమునకు ఆ గుణము లేదు.

మన హిమాలయముల మంచు బంగాళాఖాతమునకు ఇట్టి యుపకారము చేయదా యని సభ ముగిసినపిదప ఎవరైన అడుగుదురని ఎరుగుదును గనుక ఇప్పుడే చెప్పెదను. హిమాలయముల హిమానీనదములు సముద్రమునకు వందలమైళ్ల యెగువనే ముగియును; వాని చూర్ణము గంగా బ్రహ్మపుత్రల ఒండ్రులో కలిసి, దారిలో మైదానములకును, డెల్టాకును, పిదప అఖాతపు అడుగునకును చేరును. నదులనుండియు వానలనుండియు వచ్చు మంచినీరు బంగాళాఖాతపు పైభాగమున పలుచని పొరగా పరచుకొని, యంగ్ సౌండున వలెనే, లోతునీటిని పైకి రానీయదు. అరేబియా సముద్రముకంటె మన సముద్రము పేదదగుటకు ఇది ముఖ్యకారణము. ఆ పొరను తొలగించి లోతునీటిని ఎత్తు పని ఇక్కడ మంచునకు గాక గాలికి చెందినది. నైరృతినుండి వీచు గాలి తీరమునకు సమాంతరముగా సాగు వేసవి నెలలలో, విశాఖపట్టణపు తీరమున చల్లని, ఉప్పదనము హెచ్చిన లోతునీరు పైకి వచ్చుచున్నదని 1950లలో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికను సముద్రశాస్త్రజ్ఞుడు లఫాండ్, ఇక్కడి విద్యార్థులను వెంటబెట్టుకొని కొలతలు తీసి తేల్చెను.